పల్లం చూసి ఆపే బండి

పాతదైనా సరే ఓ పెద్ద బండి కొందామని మా ఆవిడ అనగానే నేను చేసిన మొదటి పని మా బావకి ఫోను కొట్టడం. బావంటే మా అక్క మొగుడు. కళింగపట్నం దగ్గర్లో వాళ్ల ఊరు. ఆయనకో ట్రాక్టరుంది కాబట్టి, చక్రాలున్నదేదైనా తనకి తెలుసని ఆయన నమ్మకం. మాదీ అదే నమ్మకం. ఎచ్చెర్ల దాటాక హైవే పక్కన ఒకాయన దగ్గర పాత డీజిల్ ఎస్‌యూవీ ఉందంటే ఇద్దరం వెళ్లాం.

బావ డోర్లు కొట్టి చూశాడు. టైర్లని తన్నాడు. కిందకి దూరి, చొక్కా వీపంతా మట్టి చేసుకుని బయటికొచ్చాడు. బండి హైవే మీంచి సర్వీసు రోడ్డుకి దిగే వాలులో పెట్టి ఉంది. అమ్మేవాడు స్టీరింగు ముందు కూర్చుని బ్రేకు వదిలాడు. బండి మెల్లగా జారి, సగం దిగాక ఇంజను అందుకుంది.

"సూసావా, సప్పుడన్నదే లేకండా స్టార్టయిపోనాది," అన్నాడు బావ.

మర్నాడు మా ఇంటి ముందు తాళం తిప్పితే 'టక్' మని ఊరుకుంది. సెల్ఫ్ మోటారు పోయిందని మెకానిక్ తేల్చాడు. ఆ మోడల్ రావడం మానేసి చాలా కాలమైందట, సామాను దొరకడానికి టైము పడుతుందట, విజయనగరంలో పాత సామాన్ల కొట్లో చెప్పి ఉంచుతానన్నాడు. అందాకా బండిని పల్లంలో పెట్టుకుని, రెండో గేరులో వేసి జారనిచ్చి, క్లచ్ వదలమన్నాడు. అప్పుడు అర్థమైంది, ఆ అమ్మినవాడు బండిని వాలులో ఎందుకు పెట్టాడో. బావ టైర్లు తన్నాడు గానీ, టైర్ల కింద నేల ఎలా ఉందో చూడలేదు. నేనూ చూడలేదనుకోండి.

ఇక అక్కణ్నుంచి మా జీవితమంతా పల్లాల వెంటే నడిచింది. మా గేటు ముందు సిమెంటు వాలుంది కాబట్టి ఇంటి దగ్గర దిగులు లేదు. బయటికెళ్తేనే చిక్కు. కూరగాయలు నాగావళి వంతెన దిగే చోటే కొనేవాళ్లం, అక్కడ వంకాయలు పుచ్చులున్నా సరే. పళ్ల డాక్టర్ని మార్చాం, పాతాయనది చదును వీధి. మా ఆఫీసులో ఒకాయన కూతురి పెళ్లి దిబ్బ మీదున్న చర్చిలో అంటే, పెళ్లివారికంటే ముందు మేమే వెళ్లి కూర్చున్నాం. రామతీర్థంలో రాముడి గుడి పక్కన కొండ దగ్గరా వాలు దొరుకుతుంది. కాబట్టి వారం తిరక్కుండా రామతీర్థం వెళ్లొచ్చేవాళ్లం. నాకు భక్తి ముదిరిందని చుట్టాలంతా అనుకున్నారు.

అక్క వాళ్ల ఊరికి మాత్రం వెళ్లలేకపోయాను. సముద్రం పక్క ఊరు, గోలీ వదిలినా కదలనంత చదును. పోనీ ఉన్న మాట చెబుదామంటే, బండి ఏరింది బావ. సంగతి తెలిస్తే అక్క ఆయన్ని జన్మంతా దెప్పుతుంది. బస్సెక్కి వెళ్దామని మా ఆవిడంటే, బండి కొని బస్సులో వచ్చావేమని అక్కడ మళ్లీ అదే ప్రశ్న. మింగలేక కక్కలేక ఊరుకున్నాను.

ఆఖరికి అక్క పోరు పడలేక ఓ ఆదివారం ఒక్కణ్నే వెళ్లాను. గుమ్మం ముందు బండి ఆపాను గానీ ఇంజను ఆపలేదు. సీట్లోంచి దిగలేదు. పనుందన్నాను, టీ స్టీరింగు దగ్గరే తాగాను. బావ పొలంలో ఉన్నాడు. లోపల వంజరం చేప పులుసు ఉడుకుతున్న వాసన నాకు తెలుస్తూనే ఉంది. అక్క లోపలికెళ్లి పులుసు గిన్నెలో పోసి, మూత మీద గుడ్డ కట్టి, కిటికీలోంచి పక్క సీటు మీద పెట్టింది.

చిన్నప్పుడు నన్ను చంకనేసుకు తిరిగిన మనిషి. నేను తినందే తాను తినేది కాదు. ఆ రాత్రి ఫోను చేసింది.

"రాములోరి కాడికైతే వారం వారం ఎల్తన్నావట. మా ఇంటికాడ ఇంజనాపడానికి కూడా నీకు మనసు రాలేదేట్రా? ఇంకెప్పుడూ రాకు."

ఏడుస్తోందని గొంతులోనే తెలిసింది. బావ పరువు బావే చూసుకుంటాడని మొత్తం చెప్పేశాను. అంతా విని ఫోను పెట్టేసింది.

చాలా రోజులు మాట్లాడలేదు. ఈలోగా విజయనగరం నుంచి సెల్ఫ్ మోటారు వచ్చింది, మెకానిక్ బిగించాడు. తాళం తిప్పగానే బండి గుర్రుమంటే మా ఆవిడ దండం పెట్టింది. ఇంకేం, వెళ్లి అక్క కాళ్లు పట్టుకుందామని బయల్దేరుతుంటే, బావే ఫోను చేసి రమ్మన్నాడు.

నేనూ మా ఆవిడా వెళ్లి చూస్తే వాళ్లింటి ముందు నడుమెత్తు గట్టు. ట్రాక్టరు నిండా గ్రావెల్ తెచ్చి పోసి, వీధి వైపు వాలు దిగేలా సర్దారు. అక్క చీర ఎగదోపి పారతో మట్టి కొడుతోంది. బావ గట్టు పైనుంచి కొబ్బరికాయ దొర్లించి, అదెక్కడిదాకా పోతుందో చూస్తున్నాడు. మొహం ఎత్తి నన్ను చూడలేదు. ఆయనకి పడాల్సిన దెప్పులు అప్పటికే పడ్డట్టున్నాయి.

సెల్ఫ్ బాగైందని మా ఆవిడ నోరు తెరవబోతే చెయ్యి నొక్కాను. బండి వెనక్కి ఎక్కించి గట్టు మీద పెట్టాను, ఇంజను ఆపాను. కడుపు పగిలేలా తిన్నాం, సాయంత్రం దాకా పడుకున్నాం. వచ్చేటప్పుడు సెల్ఫ్ ముట్టుకోలేదు. బండి జారింది, ఇంజను అందుకుంది, అద్దంలో అక్క గర్వంగా నడుం మీద చేతులు పెట్టుకుని కనిపించింది.

వెళ్లినప్పుడల్లా అలాగే జరిగింది. మొన్న వానలకి గట్టు కోసుకుపోయింది. మేం వెళ్లేసరికి అక్క మళ్లీ తట్టతో గ్రావెల్ మోస్తోంది. మోకాళ్ల నొప్పులతో మోస్తుంటే నేనిక చూడలేకపోయాను. సెల్ఫ్ ఎప్పుడో బాగైంది, ఇంకీ గట్టు అక్కర్లేదక్కా అన్నాను.

అక్క తట్ట దించలేదు.

"తెలుసురా. మీ ఆవిడ మొదటి రోజే సెప్పీసింది. గట్టుంటే నువ్వు ఇంజనాపుతావు, దిగి లోపలికి వస్తావు. నాకదే సాలు."

నేను ఆ తట్ట అందుకున్నాను. బావ పార పట్టాడు. మధ్యాహ్నానికల్లా గట్టు మళ్లీ లేచింది, బండి దాని మీదే పెట్టి అన్నానికి లోపలికెళ్లాం.