కరకట్టలో పార

మా ఊరి గేషెకి ఎల్బె నది అంటే హడలు. రోజూ పొద్దున్నే, ఇంటికింతని పంచిన కరకట్టలో తమ వంతుని మడమతో అదిమి చూసుకుంటూ నడిచేది. ఎక్కడైనా మెత్తగా దిగితే, ఎలుక బొరియేమోనని పైప్రాణాలు పైనే పోయేవి. "కట్టకి కాళ్ళు పిసుకుతున్నావటే?" అని ఇరుగమ్మా పొరుగమ్మా వెక్కిరించేవారు.

తుఫాను మర్నాడు చూస్తే, ఆ కట్టలో పార నిలువునా గుచ్చి ఉంది. పక్కనే మొగుడు హిన్నెర్క్ తల వంచుకుని నిలబడ్డాడు. "ఇక నావల్ల కాదే. పోదాం పద," అన్నాడు. మా ఊరి కట్టుబాటు అది: తన వంతు కట్టలో పార గుచ్చినవాడు ఇల్లూ పొలమూ వదులుకున్నట్టే. పీకినవాళ్ళదే ఆస్తి, కట్ట బరువూ వాళ్ళదే. అవతల నీళ్ళు ఇంకా పొంగుతున్నాయి. గేషె ఆ నీళ్ళకేసి ఓసారి చూసి, పార పీకింది. "ఇప్పుడిది నా కట్ట. ఉంటే మట్టి మొయ్యి," అంది. అని, మళ్ళీ మడమతో అదుముకుంటూ నడిచింది.