సాల్మన్‌రాజు గారి గొంతు

ఇందులో ప్రతి మాటా నిజమని మా అమ్మ మీద, నా రెండు కళ్ళ మీద ఒట్టేసి మొదలుపెడుతున్నాను. నన్నెరిగినవాళ్ళు నవ్వుతారు. పాలకాయతిప్ప దగ్గర ఒక పండుగప్ప చేప నా చెప్పు మింగి, మంగినపూడి ఒడ్డున తెచ్చి కక్కిందని బందరంతా నమ్మించినవాణ్ణి నేను. అలాంటివన్నీ చెప్పి మర్చిపోయినవి. ఇది చెప్పనూ లేదు, మర్చిపోనూ లేదు. ఇన్నేళ్లుగా గుండెలో ఒక మూల బరువుగా కూర్చునే ఉంది. మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. వినండి.

మాది పడవల ఇంజన్లు, చేపల చెరువుల మోటార్లు బాగుచేసే కంపెనీ. గిలకలదిండిలో పెద్ద షెడ్డు, గుడివాడలో ఒకటి, దివిసీమ వాళ్ళ కోసం అవనిగడ్డలో ఇంకొకటి. మూడుచోట్లా పని ఒకేలా జరగాలని మా మేనేజరు కంపెనీకొక వికీ పెట్టించాడు. అంటే ఫోన్లోనూ కంప్యూటర్లోనూ తెరుచుకునే పేజీలు. ఒక్కో పనికి ఒక్కో పేజీ. అది నింపే పని నా మీద పడింది. కథలు చెప్పేవాడు రాయలేడా అనుకున్నారు.

మా హెడ్ మెకానిక్ సాల్మన్‌రాజు గారు ఇంజను విప్పకముందే చప్పుడు విని రోగం చెప్పేవారు. ఆ విషయంలో ఆయనకి గర్వం కూడా ఉండేది. మరి చప్పుడుని రాతలో పెట్టడం ఎలా? టకటకమంటోంది అని రాస్తే అది టాపెట్టో బేరింగో ఎవరికి తెలుస్తుంది? అందుకని ఆయన ఇంజను విప్పుతుండగా వీడియో తీశాను. ఒక్కో చప్పుడూ వినిపిస్తూ ఆయన విడమర్చి చెప్పింది ఆడియో తీశాను. వీడియో సరిగ్గానే ఎక్కించాను. ఆడియో దగ్గర బద్ధకించాను. ఫైలుని వికీలోకి ఎక్కించకుండా, నా కంప్యూటర్లో అదెక్కడుందో ఆ చిరునామా మాత్రం పేజీలో అతికించాను. నా దగ్గర నొక్కితే శుభ్రంగా మోగింది. మేనేజరు నా కుర్చీలోనే కూర్చుని మొదటి రెండు ముక్కలు విని భుజం తట్టాడు. మిగతా ఊళ్ళలో మోగలేదు. నెట్ బాగాలేదనుకుని వాళ్ళు ఊరుకున్నారు. మనిషే ఫోనుకి అందుతుంటే ఆడియో ఎవరికి కావాలి?

తర్వాత నా కంప్యూటరుకి వైరస్ పట్టి అంతా తుడిచేయించాను, ఆ ఆడియో కూడా దాంతోనే పోయింది. ఆ తర్వాత సాల్మన్‌రాజు గారు గుండెపోటుతో పోయారు. సమాధి మీద మట్టి వేస్తుండగా మేనేజరు నా పక్కకొచ్చి, ఆయన గొంతైనా మనకి మిగిలింది, మూడుచోట్లా కొత్తవాళ్ళకి అదే వినిపిద్దాం అన్నాడు. అప్పుడే ఎందుకు నోరు విప్పలేదు? ఊరంతా నోరు మూయమన్నా మూయనివాణ్ణి, ఆ ఒక్కసారి ఎలా మూశాను?

ఆయన గొంతు నాకు కొత్తేం కాదు. బతికుండగా ఆయన ఎదుటే ఆయనలా మాట్లాడేవాణ్ణి, ఆయనే పడిపడి నవ్వేవారు. ఆ పాఠమూ నాకు కంఠతా వచ్చు. ఒక ఆదివారం పొద్దున, ఆయన ఇంటిల్లిపాదీ పక్క వీధి చర్చిలో ఉన్న వేళ, షెడ్డులో ఇంజను వేసి, ఫోను పక్కన పెట్టి, పోయిన మనిషి గొంతుతో మాట్లాడాను. దగ్గుతో సహా. పని గురించి ఒక్క ముక్క తప్పు చెప్పలేదు. అక్కడితో ఆపి ఉంటే మీకిది రాసేవాణ్ణే కాదు. చివర్లో నా నోరు ఊరుకోలేదు. "నా తర్వాత మా రూతుని అడగండి. ఇంజను చప్పుడు నాకంటే దానికే బాగా తెలుసు" అనేశాను.

రూతు ఆయన కూతురు. మా షెడ్డులోనే స్టోరు చూసేది. వెనకెనకే తిరిగి తండ్రి పనంతా నేర్చుకుంది. ఆయన మాత్రం స్పానరు ముట్టుకోనివ్వలేదు. అలాగని ఆ మాట నేను గాల్లోంచి తీశాననుకోకండి. పోయే ముందు ఒకరోజు టీ కొట్టు దగ్గర, దాని చెవి నాకు లేదురా అని ఆయనే నాతో అన్నారు. దాన్నే కాస్త సాగదీశాను.

ఈసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఫైలుని వికీలోకే ఎక్కించాను. మూడుచోట్లా మోగింది. మర్నాడు రూతు ఫోను పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది.

"బాబాయ్, ఇది నాన్నే అన్నాడా?"

"మరి నేనన్నానా అమ్మా? విన్నావుగా."

"నాతో ఒక్కసారి కూడా అనలేదు."

"నీతో అంటే నెత్తికెక్కుతావని భయపడి ఉంటాడు."

"ఆయనకి? నేనంటే భయమా?" అని నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

ఆ మాట పట్టుకునే మేనేజరు రూతుని మెకానిక్కుల్లోకి తీసుకున్నాడు. పడవలవాళ్ళు మొదట్లో గొణిగారు. ఆడియో వినిపిస్తే తగ్గారు. ఇప్పుడు హెడ్ మెకానిక్ ఆవిడే. మొన్న రేవులో పడవ నడిపే సరంగు ఒకడు, పెద్దాయన ఊరికే అనలేదండీ, అన్నాడు. నా కడుపు నిండిపోయింది. నిండకూడదేమో. పని ఆమెదే, పేరూ ఆమె సంపాదించుకున్నదే. కానీ ఆ తలుపు తీసింది తండ్రి అనుకుంటోంది. తీసింది ఒక కోతలరాయుడు. ఒక తండ్రి బతికుండగా అనని మాటని పోయాక ఆయన నోట్లో పెట్టే హక్కు నాకెవరిచ్చారు?

ఇంకో సంగతుంది. చెవి పెట్టి వింటే ఆ ఆడియోలో ఇంజను వెనకాల చర్చి పాట సన్నగా వినిపిస్తుంది. ఎక్కించిన చాలా రోజులకి గమనించాను. సాల్మన్‌రాజు గారు ఆదివారం ఆరాధన మానుకుని షెడ్డుకి రావడమా? జన్మలో జరగదు. అంత చెవి ఉన్న పిల్ల ఆ పాట వినలేదా? విని ఊరుకుందా? అడిగే ధైర్యం నాకు లేదు. ఆవిడ మాత్రం నన్ను బాబాయ్ అనే పిలుస్తోంది, ఇంట్లో కేకు చేస్తే నాకో ముక్క తెస్తోంది.

ఇక ఒట్టు సంగతి. ఒక్కచోట తప్పాను. టీ కొట్టు దగ్గర ఆయన అలా అన్నారని రాశాను చూడండి, అది కల్పన. నా అబద్ధానికి ఆ తండ్రినే సాక్షిగా తెచ్చుకోవాలనిపించింది. ఆయన నిజంగా అన్నది వేరు. "ఆడపిల్ల చేతికి గ్రీజు అంటితే వదలదురా, దాన్ని ఇంజన్ల దగ్గరికి రానివ్వకు" అన్నారు. అని, టీ తాగేసి వెళ్ళిపోయారు.

ఈ ముక్క ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. చెప్పేశాను. ఊపిరి బాగానే ఆడుతోంది.