ఎర్తింగ్‌కు అందని కరెంటు

మొదటిసారి అది వచ్చినప్పుడు అమ్మ పొయ్యి ముందు నిలబడి రాగిసంగటి గెలుకుతోంది. ఉన్నట్టుండి ఒక అడుగు వెనక్కి ఎగిరింది. చేతిలోని కట్టె వెళ్ళి ఫ్రిజ్‌కు తగిలింది. ఫ్రిజ్ తలుపు మీద ఒక ముద్ద అతుక్కుని, తీరిగ్గా కిందికి జారింది.

"కరెంటు పట్టింది," అంది అమ్మ, మెడ పట్టుకుని. "ఈడ మొదలై మోచేతి దాకా వచ్చినాది."

"అది గ్యాసు పొయ్యి కదమ్మా."

"అయితే నేను అబద్ధం చెప్తా ఉండానా?"

మా ఇంట్లో కరెంటు అనే మాట నాయన చెవిన పడకూడదు. నాయన మొదట బంగారు గనిలో ఎలక్ట్రీషియన్. గనులు మూసేశాక మాలూరులో ఒక ఫ్యాక్టరీకి రైల్లో వెళ్ళి అదే పని చేస్తున్నాడు. మేముండేది కేజీఎఫ్‌లో, ఒకప్పుడు గని కార్మికుల కోసం వరసగా కట్టిన రేకుల ఇళ్ళలో. వాటిని లైను అంటాం. ఆ ఇంటి వైరింగు నాయన కంటే వయసులో పెద్దది. దానిమీద ఆయనకు ఎప్పటినుంచో అనుమానం.

ఆ సాయంత్రమే టెస్టర్ తీసుకుని బయల్దేరాడు. కొళాయి చూశాడు. ఫ్రిజ్, గ్రైండరు, రేకు గోడ, బట్టలారేసే తీగ చూశాడు. ఇంక ఏమీ మిగలక, కాసేపు ఆలోచించి, టెస్టర్ కొనను అమ్మ మోచేతికి ఆనించాడు. అది వెలగలేదు.

"అమ్మ ఆఫ్‌లో ఉంది నాయనా," అన్నాను.

ఎవరూ నవ్వలేదు. ఈ ఇంటికి చిన్నకూతురిగా పుట్టినందుకు నాకది అలవాటే.

ఆదివారం నాయన ఇంటి వెనక ఎర్తింగ్ గుంత తవ్వాడు. మా ఊరి నేలలో గుంత తవ్వడం అంటే గునపంతో రాతిని బతిమాలడం. మధ్యాహ్నానికి ఇనప పైపు దించి, చుట్టూ ఒక వరస బొగ్గులు, ఒక వరస ఉప్పు పోశాడు. "దినామూ ఒక చెంబు నీళ్ళు పోయల్ల. తడి ఆరిపోతే పని చెయ్యదు," అన్నాడు. అమ్మ పోసింది. తులసికి ఒక చెంబు, నాయన గుంతకు ఒక చెంబు. రెండింటిలో దేనికి దండం పెట్టుకునేదో నేను గమనించలేదు.

గుంత తవ్విన మూడో వారంలో అమ్మ తన పుట్టినూరు క్యాసంబళ్ళికి పోయి, మామ చేలో రాగికి కలుపు తీస్తుంటే అదే కరెంటు మళ్ళీ పట్టింది. కాళ్ళకు చెప్పులు లేవు, చుట్టుపక్కల ఒక బల్బు కూడా లేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఇంకోసారి.

"క్యాసంబళ్ళిలో కూడా గుంత తవ్వుతావా నాయనా?" అని అడిగాను.

"ఆ చేను మీద హై టెన్షన్ లైను పోతాది కదా," అన్నాడు.

ఆ తర్వాత ఆయన గుంత సంగతి ఎత్తలేదు. డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుతూ, "ఈ పొద్దు ఎన్నిసార్లు?" అని మాత్రం అడిగేవాడు. అమ్మ "ఒకసారీ లే" అనేది. ఒక రోజు ఆ "లే" అంటున్నప్పుడే భుజం ఎగిరింది. నాయన బూటు లేసు వైపే చూస్తూ ఉండిపోయాడు. చూడనట్టు నటించడం ఆయనకు చేతకాదు, అయినా ప్రయత్నించాడు.

అలా ఉండగా అక్క మొదటి కాన్పుకు ఇంటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది.

ఇక్కడ అమ్మ గురించి ఒక మాట చెప్పాలి. మా లైనులో బిడ్డ పుడితే నీళ్ళు పోసేది అమ్మే. చీర మోకాళ్ళ దాకా ఎగగట్టి, పీట మీద కూర్చుని కాళ్ళు చాపుతుంది. బిడ్డను కాళ్ళ మీద బోర్లా వేసుకుని, నూనె పట్టించి, ఒక చేత్తో గడ్డం కింద పట్టుకుని ఇంకో చేత్తో వేణ్ణీళ్ళు పోస్తుంది. ఇప్పుడు మా లైనులో మీసాలు దువ్వుకుంటూ తిరిగే మగవాళ్ళలో సగం మంది ఆ కాళ్ళ మీద ఏడ్చినవాళ్ళే. వాళ్ళలో ఎవడైనా వీధిలో గొంతు పెంచితే అమ్మ వాడి వంక ఊరికే చూస్తుంది. వాడు గొంతు తగ్గిస్తాడు.

అలాంటి మనిషి, సొంత మనవరాలు ఇంటికి వచ్చిన మొదటి రోజు, మోకాలు నొప్పి అంది. బూదికోట నుంచి వచ్చిన అక్క అత్తగారు ఆ పూట నీళ్ళు పోసింది. రెండో రోజు అమ్మకు జలుబు. మూడో రోజు మంగళవారం. మంగళవారం పిల్లలు స్నానం చేయకూడదని ఎవరు చెప్పారో నాకు తెలియదు, అమ్మకు కూడా తెలిసినట్టు లేదు.

అత్తగారు బట్టలు ఆరేస్తూ, మాకు వినపడేంత గట్టిగా, మాకు చెప్పనట్టుగా అంది. "మాకేమమ్మా, ఆడబిడ్డ అని మేము బేజారు చేసుకోలే. పుట్టినింటోళ్ళే చెయ్యి పెట్టకుండా ఉండారు."

అక్క ఆ పూట అన్నం ముట్టలేదు. నన్ను పిలిచి, "మగబిడ్డ అయింటే పోసిండునా?" అని అడిగింది. ఏడుస్తూ అడిగి ఉంటే ఏదో ఒకటి అని నవ్వించేదాన్ని. ఏడవకుండా అడిగింది.

నేను పోయి అమ్మను నీళ్ళ అండా దగ్గర పట్టుకున్నాను. "మంగళవారం అయిపోతానే ఏం చెప్తావు? బుధవారం బుధుడు ఒప్పుకోడా?"

అమ్మ అండా కింద కట్టె లోపలికి తోసింది.

"మొన్న బిడ్డకని నూనె గిన్నె ఎత్తినా," అంది. "అప్పుడే వచ్చినాది. గిన్నె యాడ పడిందో నాకే తెలియలే. గిన్నె కాబట్టి సొట్ట పోయింది. చేతిలో బిడ్డ ఉండింటే?"

నా దగ్గర జోకు లేదు. వెతికాను కూడా.

"అదొక్కటేనా అనుకుంటా ఉండావు? నాలిక పొద్దస్తమానం కాలినట్టే ఉంటాది. కాళ్ళ మీద చీమలు పారతాయి, చూస్తే ఒక్కటీ ఉండదు."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే మీ నాయన చీమల మందు తెస్తాడు."

ఆ రాత్రి నాయనకు చెప్పాను. మర్నాడు ఆయన సెలవు పెట్టాడు. ముగ్గురం డాక్టరమ్మ దగ్గరికి పోయాం. రక్తం, షుగరు, థైరాయిడ్, మెడకు ఎక్స్‌రే, అన్నీ రాసిచ్చింది. సాయంత్రానికి చూస్తే అన్నీ బాగున్నాయి. రిపోర్టులు అంత బాగున్నందుకు మేం ముగ్గురం దిగాలుపడ్డాం. డాక్టరమ్మ నాయనను బయట కూర్చోమని, నెలనెలా సరిగ్గా అవుతోందా అని అమ్మను అడిగింది. అమ్మ గోడ మీది క్యాలెండరు వంక చూసి, ఏడాదిగా ఇష్టమొచ్చినట్టు వస్తోందని ఒప్పుకుంది. డాక్టరమ్మ కన్నడలో నిదానంగా చెప్పింది. ముట్టు నిలిచిపోయే కాలంలో కొందరికి ఇలా కరెంటు కొట్టినట్టు ఉంటుందట. నాలిక మంట, చీమలు పారినట్టు ఉండటం కూడా అందులోవే కావచ్చట. ఒళ్ళు వేడెక్కడం గురించి అందరూ చెప్పుకుంటారు, ఇవి ఎవరూ చెప్పుకోరు. మాత్రలు ఉన్నాయి, ఏది సరిపడుతుందో చూసి మొదలుపెట్టాలి, ఎప్పటికి తగ్గుతుందో చెప్పలేం.

అమ్మ ఒక్కటే అడిగింది. "బిడ్డకు నీళ్ళు పోయచ్చా?"

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి, "అది వస్తూ ఉన్నన్నాళ్ళూ వద్దమ్మా," అంది.

బయట బెంచీ మీద నాకు అర్థమైనంత నాయనకు చెప్పాను. తండ్రికి ముట్టు గురించి చెప్పడం ఎంత కష్టమో అనుకున్నాను కానీ, ఆయన వింటున్నది అది కాదు.

"మార్చేదానికి ఏమీ లేదా?"

"లేదు నాయనా."

"ఊ," అన్నాడు. లేచి పోయి మూడు టీలు తెచ్చాడు. అమ్మ నాలిక గుర్తొచ్చి, ఆమె కప్పును తన చేతిలోనే పెట్టుకుని ఊదుతూ కూర్చున్నాడు. అది మీగడ కట్టి చల్లారిపోయాక కూడా ఊదాడు.

ఇంటికొచ్చి అక్కకు అంతా చెప్పాను. తలుపు దగ్గర అత్తగారు వింటోందని తెలిసే కొంచెం గట్టిగా చెప్పాను. ఆమె లోపలికి వచ్చి అమ్మ పక్కన కూర్చుంది. ఏదో అంటుందని నేను జవాబు సిద్ధం చేసుకున్నాను.

"నాకూ ముట్టు నిలిచేటప్పుడు మూడేండ్లు చెవిలో గుయ్యిమని ఒకటే మోత వదినా," అంది. "ఎవురికీ చెప్పలే. దయ్యం పట్టింది అంటారని."

నా జవాబు వృథా అయింది.

మర్నాడు ఆమె బూదికోటకు పోవాల్సి వచ్చింది. వాళ్ళింట్లో పెంచే పట్టుపురుగులు ఆఖరి మేత మీద ఉన్నాయి, అవి బాలింతల కోసం ఆగవు. అక్కకు కుట్లు మానలేదు. నాయన మాలూరు రైలుకు పోయాడు. అందరూ పోగా మిగిలింది నేను.

పీట మీద కూర్చుని కాళ్ళు చాపాను. అక్క బిడ్డను తెచ్చి నా కాళ్ళ మీద బోర్లా వేసింది. అమ్మ రెండు మూరల దూరంలో, రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని కూర్చుంది.

"గడ్డం కింద పట్టు. గొంతు కాదు, గడ్డం."

"జారుతా ఉండాది అమ్మా."

"జారతాది. బిడ్డలు జారతారు. మడమలు దగ్గరగా పెట్టు. నీళ్ళు వీపు మీద పొయ్యి, తల మీద ఇప్పుడే కాదు."

బిడ్డ ఏడ్చింది, నేను చెమటలు కక్కాను. మధ్యలో నా చెయ్యి పట్టు తప్పింది. అమ్మ చేతులు చంకల్లోంచి బయటికి వచ్చి, బిడ్డకు జానెడు దూరంలో ఆగి, మళ్ళీ లోపలికి పోయాయి. అలా మూడుసార్లు జరిగింది. మూడోసారి నేను తల తిప్పుకున్నాను.

తుడిచి గుడ్డలో చుట్టాక, అక్క బిడ్డను అమ్మ ఒడిలో పెట్టబోయింది. అమ్మ వద్దంది. "కింద పెట్టు. చాప మీద."

అక్క చాప మీద పడుకోబెట్టింది. అమ్మ కూడా ఆ పక్కనే నేల మీద పడుకుంది, ముఖం బిడ్డ వైపు పెట్టి. నేల మీంచి పడేందుకు చోటు లేదు కదా. ఒక వేలితో చెవి వెనక మిగిలిన తడి తుడిచింది. ముక్కు తుడిచింది. ఆ చెయ్యి ఒక్కసారి విదిల్చినట్టు ఎగిరి గోడకు తగిలింది. అమ్మ కళ్ళు మూసుకుని, చెయ్యిని ఒంటి కింద అదిమిపెట్టి, అది పోయేదాకా ఆగింది.

"పోయిందా?" అని అడిగింది అక్క.

"పోయింది," అంది అమ్మ. ఈసారి రెండో చెయ్యి చాపింది.