యాడ నుంచి వచ్చాంది, యాడికి పోతాంది?

మొన్న ఉదయం జమ్మలమడుగు నుంచి ఫోన్ వచ్చింది. "మీ సారు పోయినారమ్మా" అంది సారు భార్య. తర్వాత ఆమె ఏం చెప్పిందో నాకు సరిగా గుర్తు లేదు. నా ముందు తెర మీద ఎవరో రాసిన సి ప్రోగ్రామ్ తెరిచి ఉంది. అలాంటి వాటిలో ప్రమాదం దాక్కున్న చోట్లు వెతకడమే నా ఉద్యోగం. ఆ వెతుకులాట నాకు నేర్పిన మనిషి ఆయనే.

ప్రొద్దుటూరులో మా కాలేజీలో ఆయన సి భాష చెప్పేవారు. రోజూ జమ్మలమడుగు నుంచి బస్సులో వస్తూ, మా ప్రోగ్రాముల ప్రింట్లు మోకాళ్ల మీద పెట్టుకుని పెన్సిల్‌తో దిద్దేవారు. గతుకు వస్తే గీత వంకర పోయేది. "ఇది నీ తప్పు గాదుమ్మా, రోడ్డుది" అని నవ్వేవారు. బయటి నుంచి లోపలికొచ్చే ప్రతి మాట కింద గీత గీసి, అది ఎంత దూరం పోతే అంత దూరం దాని వెంటే పోయేవారు. "యాడ నుంచి వచ్చాంది, యాడికి పోతాంది? ఈ రెండూ అడుగు, చాలు" అనేవారు. చాటుగా మేం ఆయన్ని చెక్‌పోస్టు సార్ అనేవాళ్లం. ఆయనకు తెలుసనే అనుకుంటాను.

సి భాష చెప్పిన పని మారు మాట్లాడకుండా చేస్తుంది. చెంబులో బిందెడు నీళ్లు పొయ్యమన్నా పోసేస్తుంది. పొర్లినవి పక్కన దేన్ని తడిపినా దానికి పట్టదు. అలా పొర్లే వీలున్న చోట్లను ఎత్తి చూపడానికి, నా చివరి ఏడాదిలో ఇద్దరం కలిసి ఒక చిన్న ప్రోగ్రామ్ రాశాం. అది మంచి లైన్లనూ పట్టుకునేది. "ఊరికే అరుస్తాంది సార్" అని విసుక్కున్నాను. "కుక్క గూడా అంతే. చుట్టమొచ్చినా మొరుగుతాది. లేచి పోయి చూసేది మన పని" అన్నారు.

దాన్ని పరీక్షించడానికి ముందు తన ప్రోగ్రాములే ఇమ్మన్నారు సారు. అందులో మోటరు పెట్టెది ఒకటుంది. పులివెందుల దగ్గర మా మేనమామకు చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉంది. ఫోన్‌లో మెసేజ్ పంపితే బోరు మోటరు ఆన్, ఆఫ్ అయ్యే పెట్టెను సారే సొంతంగా తయారుచేసి అక్కడ బిగించారు. మా ప్రోగ్రామ్ అందులో ఒక లైను చూపించింది.

"మామ నంబరు నుంచి తప్ప పెట్టె ఇంకే మెసేజూ తీసుకోదు గదా సార్" అన్నాను.

ఆయన పెన్సిల్‌తో ఆ మెసేజ్ వెంట పోయారు. పెట్టె ముందు మెసేజ్‌ను ఒక చిన్న చోట్లోకి కాపీ చేసుకుని, ఆ తర్వాతే ఎవరు పంపారో చూస్తోంది. ఆ చోటు పక్కనే మోటరు ఆన్ చేసే గుర్తు ఉంది. ఎవరిదో ఒక పొడుగాటి ప్రకటన మెసేజ్ వస్తే చాలు, పొర్లిన అక్షరాలు దాని మీద పడి మోటరు దానంతటదే లేస్తుంది.

"తలుపు తీసినాక ఎవురని అడుగుతాండా నేను" అన్నారు. తర్వాత మెల్లగా, "మీ మామ మోటరు కేబుల్ పని చేసేటప్పుడు ఫ్యూజులు పీకుతాడా?" అని అడిగారు.

మావైపు ఎవరూ పీకరు. స్టార్టర్ ఆఫ్ చేసి, ఉత్త చేతులతో జాయింటు కట్టేస్తారు. ఆ సమయంలో పెట్టె మోటరు ఆన్ చేస్తే చేతిలో ఉన్న తీగల్లోకి కరెంటు వచ్చేస్తుంది. మామకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. దొరికిన బస్సెక్కాం. పులివెందుల దాకా సీటున్నా సారు కూర్చోలేదు.

మేం పోయేసరికి మామ బోరు దగ్గర గొంతుక్కూర్చుని, టేపు పళ్ల మధ్య పట్టుకుని, తీగలు మెలేస్తున్నాడు. సారు చెప్పులు ఊడిపోతున్నా పరుగెత్తి ఫ్యూజులు పీకి, మామ చేతిలో పెట్టారు.

"ఏంది సార్, ఇట్లొచ్చినారు?"

"తప్పు నాదప్పా. నా ప్రోగ్రాములో చిల్లు ఉండాది."

"ఇన్నాళ్లూ ఏం కాలేదు గదా."

"అది నా తెలివి గాదు. పొడుగు మెసేజ్ రాలేదు, అంతే."

సారు చెట్టు కింద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుని, ముందు ఎవరు పంపారో చూసి, పొడవు కొలిచి, ఆ తర్వాతే కాపీ చేసుకునేలా ప్రోగ్రామ్ దిద్దారు. మామ చీనీకాయలు కోసిచ్చాడు. తొక్క సగం తీసి, సారు మళ్లీ లేచి పోయి ఫ్యూజుల చోటు ఖాళీగానే ఉందా అని చూసొచ్చారు. అంతగా భయపడిన మనిషిని నేనెప్పుడూ చూడలేదు. ఆయన మీద నాకు గౌరవం మామూలుగానే ఉండేది. ప్రేమ మాత్రం ఆ పూటే పుట్టింది.

వస్తూ వస్తూ మామతో అన్నారు: "సరిజేసినా. అయినా నన్ను నమ్మి తీగ పట్టుకోవద్దప్పా. ఫ్యూజులు పీకి జేబులో ఏసుకో."

మొన్న జమ్మలమడుగులో సారును చివరిసారి చూడ్డానికి మామ ఆలస్యంగా వచ్చాడు. కాళ్లకు ఇంకా బురద ఉంది. పూలదండ వేయడానికి వంగితే చొక్కా జేబులో ఏదో గలగలమంది. చప్పున చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

బయటికొచ్చాక నా పక్కన నిలబడి, "జాయింటు సగంలో ఉండంగా నువ్వు ఫోన్ చేసినావు పాపా. తీగలు అట్నే వదిలేసి వచ్చేసినా" అన్నాడు. జేబులోంచి తెల్లటి పింగాణీ ఫ్యూజులు తీసి చూపించి, మళ్లీ లోపల వేసుకున్నాడు.