మాలకొండమ్మ వెయ్యని దురాయి

పాత నిబంధనలో యెహోషువ సూర్యుణ్ణి నడిమింట నిలబెట్టాడు. ఏటిమొగలో మాలకొండమ్మ సూర్యుణ్ణి, చంద్రుణ్ణి, పులికాటు మీంచి వచ్చే గాలిని, వరసగా వస్తున్న ఎర్రగరుసు బండ్లను ఒక్క వెదురుకర్రతో ఆపేసింది. ఇది 1962 నాటి మాట. సూర్యచంద్రుల సంగతి కావాలంటే వెనక్కి తీసుకోవచ్చు. వాళ్ళ పని వాళ్ళు చేసుకుపోయారు. గాలి కూడా కాస్త ఆలస్యంగా వచ్చిందేమో గానీ, వచ్చింది. బండ్ల మాట మాత్రం వెనక్కి తీసుకునేది లేదు. అవి ఆగాయి.

ఏటిమొగ అంటే చిట్టమూరుకు తూర్పున, ఉప్పుకాలువ సముద్రంలో కలిసేచోట ఉన్న చిన్న ఊరు. ఊరికో పంచాయతీ పార్కు ఉండేది. పార్కంటే నాలుగు గన్నేరు చెట్లు, ఒక రేడియో గది, వార్తల వేళకు చేరే జనం. మూడు పక్కల గోడ కట్టి, నాలుగో పక్కకు వచ్చేసరికి పంచాయతీ అలిసిపోయింది. అక్కడ నేల మెల్లగా జారి మడగుంటలో కలిసేది. పోటుకు గుంటలోకి ఉప్పునీళ్ళు వచ్చేవి, పాటుకు పోయేవి. బురదలో మడచెట్లు, వాటి వేళ్ళ సందున రొయ్యలు. గుంటకు అవతల చేపలు పట్టేవాళ్ళ పాళెం.

ఆ పాళెంలో ఏటా చీటీలు వేసి, ఏ ఇల్లు ఎక్కడ వల వేసుకోవాలో తేల్చేవాళ్ళు. ఆ చోటును పాడు అంటారు. చీటీ మగవాడి పేరునే పడేది. మాలకొండమ్మ మొగుడు కామాక్షయ్య సముద్రంలో ఎన్ని తుఫానులు తప్పించుకున్నాడో గానీ, పచ్చకామెర్లు తప్పించుకోలేక పోయాడు. దాంతో ఆమెకు చీటీ పోయింది, పాడు పోయింది. మిగిలింది మడగుంట. మోకాటిలోతు బురదలో వంగి, తాటాకు బుట్ట తాడు పళ్ళతో కరిచి పట్టుకుని, రెండు చేతులతో వేళ్ళ సందున తడిమి రొయ్యలు పట్టేది. ఆ పనిలో నోరు తెరిస్తే బుట్ట నీళ్ళపాలు. కాబట్టి పూటంతా నోరు మూసుకునే ఉండేది. ఒడ్డుకు వచ్చాక ఆ బాకీ అంతా వడ్డీతో సహా తీర్చేది.

యాభై ఎనిమిది ప్రాంతంలో సున్నపు బట్టీలవాళ్ళు గుంటలోని మడచెట్లన్నీ బట్టీల్లో మంటకు కొట్టుకుపోయారు. మరుసటి ఏటికి రొయ్య రాలేదు. చలికాలంలో వచ్చే గూడబాతులు గుంట మీద ఒక చుట్టు తిరిగి, ముఖం చాటేసి పోయాయి. మాలకొండమ్మ గట్టున కూర్చుని బట్టీలవాళ్ళ ఏడుతరాల వాళ్ళనూ పేరు పేరునా తలుచుకుంటుంటే, వెనక నుంచి ఎవరో నెమ్మదిగా అడిగారు.

"అక్కా, తిట్టింది చాలు గానీ, కాస్త చెయ్యి సాయం పట్టుకుంటావా?"

మిషన్ స్కూలు టీచరు జయశీల. వెంట తెల్లరిబ్బన్ల ఆడపిల్లలు, చేతుల్లో మడకాయలు. కాలువ అవతలి మడలో రాలినవి ఏరుకొచ్చారు. పార్కుకొచ్చే పిల్లలకు గన్నేరుపూలు తప్ప ఇంకేమీ తెలియడం లేదని, శనివారం శనివారం వాళ్ళచేత గుంటలో మళ్ళీ మడ నాటించాలని ఆమె పూనుకుంది. మొదటి ఏడు పిల్లలు ముగ్గు వేసినట్టు వరసలు తీర్చి మరీ నాటారు. పోటొచ్చి సగం వరసలు చెరిపేసింది. మిగతా సగం మేకలు చెరిపేశాయి. రెండో ఏడు మాలకొండమ్మ కంపలు నరికి కంచె వేసింది. పార్కుకు రేడియో వినడానికి వచ్చినవాళ్ళను కూడా వదల్లేదు.

"ఊరికే చెవులప్పగించి కూచుంటే ఏమొస్తాది? పంచె ఎగ్గట్టి దిగండి! బురదేం కరవదు లే."

కొందరు సిగ్గుకు దిగారు, కొందరు ఆమె నోటికి జడిసి దిగారు. ఎలా దిగితేనేం, మూడో ఏటికి మడ నడుమెత్తు లేచింది. రొయ్య తిరిగొచ్చింది. గూడబాతులు దిగి, ఏమీ జరగనట్టు మెడలు ముడుచుకుని కూర్చున్నాయి.

అప్పుడే పంచాయతీ ప్రెసిడెంటు పెంచలరెడ్డికి పార్కు నాలుగో పక్క గుర్తొచ్చింది. ఆయన చెడ్డవాడేం కాదు. మదరాసులో ఒక పార్కు చూసి వచ్చాడు, అంతే. ఒక సాయంత్రం వార్తలు అయిపోగానే రేడియో కట్టేయించి, గది మెట్టెక్కి చెప్పాడు.

"ఈ బురదంతా ఎర్రగరుసు పోసి పూడ్చేస్తాం. పిల్లలకు ఉయ్యాల, జారుడుబల్ల. నడిమధ్య సిమెంటు నెమలి. దాని నోట్లోంచి నీళ్ళొస్తాయి. కలెక్టరుగారు స్వయంగా వచ్చి తెరుస్తారు!"

జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లు సద్దుమణిగాక వెనక నుంచి ఒక గొంతు.

"నెమిలి నీళ్ళు కక్కేదేంది రెడ్డయ్యా? దానికేమన్నా జబ్బు చేసినాదా?"

జనం గొల్లున నవ్వారు. పెంచలరెడ్డి కూడా నవ్వబోయి ఆపుకున్నాడు.

"కొండమ్మా, ఊరు బాగుపడతావుంటే అడ్డం పడబాక."

"ఊరు బాగుపడనీ, ఎవురొద్దన్నారు? నా కడుపు పూడ్చి బాగుపడాల్నా?"

"ఆ బురదకు నీకేమన్నా పట్టా ఉండాదా?"

"గూడబాతును అడుగు, పట్టా ఎవురి పేరున ఉండాదో. నాకంటే ముందు నుంచీ ఉండేది అదే."

"సోమవారం బండ్లు తోలతాం," అని చెప్పి ఆయన మెట్టు దిగాడు.

చిల్లకూరు దిబ్బల నుంచి గరుసు తోలే బండ్లు పాళెంవే. ఎండుచేపలు గూడూరు సంతకు మోసే బండ్లు, చేప తక్కువైన రోజుల్లో ఏ కూలి దొరికితే ఆ కూలికి పోయేవి. వాటిని ఆపగలిగింది ప్రెసిడెంటు కాదు, పోలీసు కాదు. పాళెం కట్టుబాట్లు చూసే పెద్దకాపు పోలేరయ్య ఒక్కడే. ఆయన కామాక్షయ్యకు అన్న, మాలకొండమ్మకు బావ. శుక్రవారం పొద్దున పందిట్లో వల బాగుచేసుకుంటుంటే పోయి ఎదురుగా నిలబడింది.

"బావా, గుంటకు దురాయి వెయ్యి."

దురాయి అంటే పాళెం కట్టడి; పెద్దకాపు గానీ, ఆయన మాట మీద ఇంకో మగవాడు గానీ వేస్తాడు. వెదురుకర్రకు పాత వలముక్క చుట్టి, తాటాకు ముడేసి పాతితే, దాన్ని దాటి పాళెం మనిషి పడవ నడపడు, వల విసరడు, కాలు పెట్టడు. వేసిన చెయ్యే దాన్ని తీయాలి. వేరే చెయ్యి తీస్తే ఆ ఏడంతా వలలో నాచే తప్ప చేప పడదని పాళెం నమ్మకం.

పోలేరయ్య తల ఎత్తలేదు. "గుంట పాడు కాదమ్మే. పాడు కానిచోట దురాయి యాడుంది?"

"నాకు అదే పాడు."

"ఆడమనిషికి పాడేంది? రేపు నువ్వే దురాయి వేస్తానంటావు."

"వేస్తే ఏమవుతాది?"

అప్పుడు తల ఎత్తాడు. "మా తాతల కాడి నుంచీ ఏ ఆడదీ దురాయి వెయ్యలా. వెయ్యలేదు. దానివల్ల కాదు. వేసిందని తెలిస్తే వెలి. నీ చేతి నీళ్ళు ఎవురూ తాగరు, నీ రొయ్య ఎవురూ కొనరు. కామాక్షి పెళ్ళామని కూడా చూడను. పో, ఇంటికి పో."

ఆమె ఇంటికే పోయింది. గుంట పూడితే తినడానికి ఉండదు. దురాయి వేసి దొరికితే ఉండడానికి ఊరు ఉండదు. రెండూ తూచి చూసుకుంది. మొదటిది ఖాయం, రెండోదానికి దొరకాలి గదా అనుకుంది. ఆ అనుకోవడంలోనే భయం సగం కోపంగా మారింది. 'వెయ్యలేదు' అన్న మాట రాయి తగిలినట్టు తగిలింది. వల అల్లేది ఎవరు? వలకు చీకిన తాడు మార్చేది ఎవరు? ఆ వలముక్కనే ఒక కర్రకు చుట్టడానికి మాత్రం ఈ చేతులు పనికిరావా?

శనివారం మిట్టమధ్యాహ్నం, పాళెమంతా అన్నాలు తిని కునుకు తీస్తున్నప్పుడు, పార్కు వైపు నుంచి బండ్లు వచ్చే దారిలో, గుంట మొదట్లోనే వెదురుకర్ర పాతింది. వలముక్క చుట్టింది. తాటాకు ముడేసే దగ్గర చెయ్యి ఆగింది. మగవాళ్ళు వేసే ఆ ముడిని వందసార్లు చూసింది గానీ ఒక్కసారీ వెయ్యలేదు. ఎడమ నుంచి తిప్పాలా, కుడి నుంచా? చివరికి చేతులకు తెలిసిన ముడే పడింది. రొయ్యల బుట్టకు వేసే ముడి.

తల తిప్పితే, పిల్లల్ని పంపించేసి గన్నేరు కింద కూర్చుని ఉన్న జయశీల టీచరు కనిపించింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. జయశీల నిదానంగా చేతులు జోడించి కళ్ళు మూసుకుంది.

సోమవారం పొద్దున మొదటి బండి గుంట దగ్గరికి వచ్చి ఆగిపోయింది. తోలేవాడు చిన్నపోలయ్య నొగ మీంచి దూకి, కర్రను చూసి, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. వెనక బండి, దాని వెనక బండి, అన్నీ ఆగాయి. ఎద్దులు దొరికిందే విశ్రాంతి అని నెమరు వెయ్యడం మొదలుపెట్టాయి.

పెంచలరెడ్డి సైకిలు మీద వచ్చాడు. "ఏందిరా, ఎందుకు నిలబెట్టినారు?"

"దురాయి సామీ."

"పుల్లముక్క చూసి ఆగిపోయేదేందిరా! పీకి పారెయ్యండి!"

అప్పటికే పాళెమంతా వచ్చి నిలబడింది. పోలేరయ్య కూడా. ఆ 'పుల్లముక్క' మాట ఆయన చెవిన పడింది.

"రెడ్డిగారూ, దాని మీద మీ చెయ్యి పడితే, ఇంక మా బండి మీ ఇంటి ముందు నిలబడదు. మా చేప మీ ఇంటి కూరలో పడదు," అన్నాడు. తరవాత జనం వైపు తిరిగాడు. "ఎవురు వేసినారు?"

పోలేరయ్య చూపు మనుషుల మీదుగా నడుచుకుంటూ వచ్చి మాలకొండమ్మ దగ్గర ఆగింది. ఆమె కాలివేళ్ళు బురదను గట్టిగా పట్టుకున్నాయి. చీర అంచు బురదలో ఉంది కాబట్టి ఎవరికీ కనిపించలేదు.

"కొండమ్మా, నువ్వు వేసినావా?"

"నేనా?" అంది. గొంతు ఆమె అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "ఆడది దురాయి వెయ్యలేదని నువ్వే గదా చెప్పినావు బావా. వెయ్యలేనిదాన్ని ఎట్టా వేస్తాను? లేదు, ఆడదీ వెయ్యగలదంటావా? అట్టయితే అందరి ముందరా చెప్పు. చెప్పినాక మళ్ళీ అడుగు, అప్పుడు చెప్తా."

ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు మగవాళ్ళకూ అంటుకుంది. పోలేరయ్య చెవులు ఎర్రబడ్డాయి.

పెంచలరెడ్డి ఇంకో దారి పట్టాడు. స్కూలుకు పోతున్న జయశీలను ఆపాడు. "టీచరమ్మా, శనివారం మీరు ఈడనే ఉన్నారంట. మీరు అబద్ధం చెప్పరు. ఎవురు పాతినారో చూసినారా?"

"ప్రార్థన చేసుకుంటున్నానండీ. కళ్ళు మూసుకుని ఉన్నాను."

"కర్ర పాతి, వల చుట్టి, ముడేసిందాకానా? అంత పొడుగు ప్రార్థనా?"

"పాపాలు ఎక్కువున్నాయండీ," అంది జయశీల, కళ్ళు దించుకుని.

ఈలోగా చిన్నపోలయ్య కర్ర దగ్గర వంగి చూస్తున్నాడు. "పెద్దకాపా, ఈ ముడేంది ఇట్టా ఉండాది? ఇది మన ముడి గాదే. ఇదేదో..."

పోలేరయ్య రెండు అంగల్లో అక్కడికి చేరుకున్నాడు. ముడిని చూశాడు. చిన్నప్పుడు వాళ్ళమ్మ బుట్టకు వేస్తుంటే చూసిన ముడి. పాళెంలో ప్రతి ఆడమనిషీ వేసే ముడి. శుక్రవారం వచ్చి దురాయి అడిగింది మాలకొండమ్మ ఒక్కతే కాబట్టి, ఆమె పేరు చెప్పడానికి ఆ ముడి చాలు. పేరు బయటపడితే ఆమెకు వెలి, గుంటకు గరుసు. పోలేరయ్యకూ ఒకటి మిగులుతుంది: ఒక ఆడది వేసిన దురాయికి పాళెం బండ్లన్నీ ఆగాయని, పెద్దకాపు స్వయంగా వచ్చి దానికి కాపలా కాశాడని, ఊరూరా చెప్పుకుంటారు.

ఆయన ముడి మీద అరచెయ్యి పెట్టి కప్పేశాడు.

"ముడి బాగానే ఉండాది," అన్నాడు. "నీకేం తెలుసురా ముడుల సంగతి? బండ్లు తిప్పండి."

"వేసినోడెవురో తేలనే లేదు గదయ్యా!" అని అరిచాడు పెంచలరెడ్డి.

"వేసినోడు తెలిసిందాకా తీసేవోడు లేడు," అన్నాడు పోలేరయ్య.

బండ్లు తిరిగాయి. ఎర్రగరుసు పార్కులో ఎండునేల మీద పోశారు. జారుడుబల్ల రేడియో గది పక్కన లేచింది. ఆ ఏడు ఊళ్ళో సగంమంది పిల్లల లాగులు వెనక చిరిగాయి. కలెక్టరు వచ్చి రిబ్బను కత్తిరించాడు. గుంట వైపు చూసి, అన్ని గూడబాతులు పార్కులో ఎలా ఉన్నాయని అడిగాడు. పెంచలరెడ్డి ఒక్క క్షణం కూడా తడబడలేదు. "మా పంచాయతీ ప్రత్యేకంగా పెంచుతున్నది సార్," అన్నాడు. కలెక్టరు చెయ్యి కలిపి మెచ్చుకున్నాడు. అప్పటి నుంచి గుంట తన ఆలోచనేనని పెంచలరెడ్డి గట్టిగా నమ్మాడు. పోనీలే, పూడ్చకపోతే చాలు అనుకుంది మాలకొండమ్మ.

దురాయి దాటి పాళెం మగవాళ్ళెవరూ గుంటలో దిగలేదు. మాలకొండమ్మ దిగింది. ఎవరన్నా అడిగితే, "ఆడదానికి దురాయితో సంబంధం లేదంట, పెద్దకాపును అడగండి," అనేది. తరవాత తరవాత మిగతా ఆడవాళ్ళు కూడా అదే మాట చెప్పి దిగారు. శనివారాలు జయశీల పిల్లలు దిగారు. ఒక కర్ర చీకి పడిపోతే వారం తిరగకుండా అక్కడ కొత్త కర్ర నిలబడి ఉండేది, ఏటికేడాదీ అదే ముడితో.

అరవై ఎనిమిదిలో స్కూలు వార్షికోత్సవానికి, ఊరి పార్కు గురించి రెండు ముక్కలు చెప్పమని మాలకొండమ్మను పిలిచారు. ముందు వరసలో పోలేరయ్య ఉన్నాడు, పెంచలరెడ్డి ఉన్నాడు. జయశీల ఈ కథంతా పేర్లు లేకుండా, కన్ను గీటకుండా చెప్పి, "అక్కా, ఇది నిజమేనా?" అని అడిగింది. పిల్లలందరూ మెడలు చాచారు.

మాలకొండమ్మ లేచి నిలబడి కొంగు నడుముకు దోపుకుంది.

"ఒక్క ముక్క నిజం కాదు," అంది. "దురాయి లేదు, బండ్లు రాలా, గరుసు పొయ్యలా. నేను కర్ర పాతలా. పాతినోళ్ళను చూళ్ళా. ఆ గుంట ఎవురిదో, దాంట్లో మడ ఎట్టా మొలిచిందో నాకు తెలియదు. ఈ టీచరమ్మను నేను ఇయ్యాలే చూస్తుండా."