ఉప్పు గోడ

రాస్తున్నావా బిడ్డా? నేను ఎటో వెళ్ళిపోతే ఆపు.

మా నాయనకు, అంటే మీ ముత్తాతకు, లాలాగూడ రైలు వర్క్‌షాపులో పని. మేముండేది చిలకలగూడలో. మా సందు చివర ఒక మట్టి కొట్టు ఉండేది. ఇటు నిజాం సర్కారు, అటు తెల్లదొరల కంటోన్మెంటు, ఆ రెంటి హద్దులో ఎప్పుడో కట్టారట. రైలు రాకముందు లంబాడీలు ఎడ్ల మీద ఉప్పు తెచ్చి అక్కడే దించి, జొన్నలు ఎత్తుకుపోయేవారట. ఇటుక ఒక్కటి లేదు. మట్టీ ఊకా కలిపి తొక్కి, మూరెడు మందాన లేపిన గోడలు. ఎండాకాలం లోపల అడుగుపెడితే నీళ్ళ కుండలోకి దిగినట్టుండేది. ఇంట్లో ఏ పని చెప్పినా తప్పించుకునేదాన్ని, కొట్టుకు వెళ్ళమంటే మాత్రం చెప్పులేసుకోకుండా పరుగెత్తేదాన్ని.

ఎందుకనుకున్నావు? గోడ నాకడానికి! నవ్వకు, రాయి. అరుగు మీద ఉప్పు బస్తాలు ఆనించీ ఆనించీ ఆ గోడ ఉప్పు పీల్చుకుంది. వానాకాలం తెల్లగా పొంగేది. ముందు వీధి మేకలు నాకేవి, తర్వాత మేము. కొట్టు ముసలాయన్ని చాచా అనేవాళ్ళం. ఆయన లోపలి నుంచే అరిచేవాడు.

"ఏ మేకరా అది? నల్లదా, తెల్లదా?"

మేం "మే..." అని పారిపోయేవాళ్ళం.

నిజాం మీదికి ఇండియా సైన్యం వచ్చిన పోలీసు యాక్షన్ రోజుల్లో ఆ కొట్టు తలుపు మూతపడింది. మిలిటరీ లారీలు వచ్చాయి, గొడవ సద్దుమణిగింది, మిగతా కొట్లన్నీ తెరిచారు. అదొక్కటే తెరవలేదు. అందులో ఉండేది చాచా, చాచీ ఇద్దరే. ముస్లింలు కదా, భయపడి వెళ్ళిపోయారని కొందరు, లోపలే ఉన్నారని కొందరు. అమ్మ నీళ్ళకు వెళ్ళినప్పుడల్లా ఆ తలుపు వంక చూసేది.

ఒక పొద్దున నా చేతిలో గిన్నె పెట్టింది.

"ఉప్పు అయిపోయింది. చాచా దగ్గర తేపో."

"కొట్టు బందున్నది గదనే!"

"నువ్వు పోయి పిలువు. నీకు తీస్తడు."

బయట తాళం లేదు. తలుపు కొట్టాను. లోపల ఏదో కదిలి, ఆగిపోయింది. "చాచా" అన్నాను. తలుపు తెరుచుకోలేదు. నాకు ఏడుపొచ్చింది. ఏం చేయాలో తెలియక గోడకు మూతి ఆనించి "మే...ఏ..." అన్నాను.

చాలాసేపటికి సన్నగా వినిపించింది. "ఏ మేకరా అది?"

"నల్లది చాచా!"

"ఒక్కదానివే వచ్చినవా?"

"ఒక్కదాన్నే. అమ్మ పంపింది."

గొళ్ళెం తీసిన చప్పుడైంది. చాచా గడ్డం మాసిపోయింది. చాచీ నా బుగ్గలు నిమిరింది.

"ఇన్ని దినాలు గోడ నాకకుంట ఎట్లున్నవే?"

చాచా గిన్నె నిండా ఉప్పు పోశాడు. "మంచిగున్నం, ఫికర్ చెయ్యొద్దని అమ్మకు చెప్పు."

ఇంటికొచ్చాక అమ్మ గిన్నె వంకే చూడలేదు.

"తలుపు తీసిండా?"

"తీసిండు. మంచిగున్నరట, ఫికర్ చెయ్యొద్దన్నడు."

అమ్మ పొయ్యి దగ్గర చతికిలబడింది. "ఉప్పు జాడీల పోయి" అంది. మూత తీస్తే జాడీ మెడదాకా ఉప్పే.

"అమ్మా, ఇది నిండుగున్నది గద!"

"ఉంటే ఉండనీ. ఉప్పేమన్న కుళ్ళుతదా?"

కొంగు దులుపుకుని పక్కింటికి వెళ్ళింది. సాయంత్రానికి మా సందులో ఇంకో నాలుగిళ్ళలో ఉప్పు అయిపోయింది.