తూర్పు తలాపు

మా అత్త జొన్న రొట్టెలు చేయడం మానేసింది ఒక ఈస్టర్ నాడు. పండుగ కాబట్టి మానలేదు. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచి ఏ పండుగకూ ఆమె పొయ్యి ఆరలేదు.

తొండుపల్లిలో మా ఇంటి ముందు రేకుల కింద కట్టెల పొయ్యి ఉండేది. ఎయిర్‌పోర్టులో రాత్రి డ్యూటీ దిగిన ఊడ్చే ఆడవాళ్లు, క్యాబ్ డ్రైవర్లు పొద్దున్నే అక్కడ ఆగి తినిపోయేవాళ్లు. రొట్టె, ఎల్లిపాయ కారం, దొరికిన నాడు పుంటికూర. రొట్టెలు అత్తవి. కూర, నీళ్లు, గిన్నెలు నావి. మా ఆయన ఎయిర్‌పోర్టులోనే గడ్డి కోసే మిషను నడిపేవాడు. మాకు పిల్లలు లేరు. ఇంట్లో మేం ముగ్గురమే.

పొయ్యి ముట్టించే ముందు అత్త వాకిలి ఊడ్చి నీళ్లు చల్లేది. ఆ రోజుల్లో మా చర్చి సంఘంలో అందరి నోటా ప్రభువు రెండో రాకడ మాటే. ఫోన్లలో ప్రసంగాలు వచ్చేవి. అక్కడ యుద్ధం, ఇక్కడ కరువు, ఇగ వచ్చేస్తున్నాడు అని. ఒకాయన ఇల్లు కట్టడం సగంలో ఆపేశాడు, ఎలాగూ ఉండేది కొన్నాళ్లే కదా అని. అత్త మాత్రం అవేవీ పట్టించుకునేది కాదు. రాకడను నమ్మనిది కాదు, మా అందరికన్నా ఎక్కువ నమ్మేది. ఒకసారి నేను చీపురు అందుకోబోతే ఇవ్వకుండా అన్నది:

"నేనే ఊడుస్త పిల్లా. ఆయన వస్తె వాకిలి సాఫుంటది. రాకుంటె గిరాకి వస్తది."

మా ఆయనకు చెవులు సరిగ్గా వినపడేవి కావు. మిషను మోత, నెత్తిమీద విమానాల మోత, ఏళ్ల తరబడి ఆ రెండింటి మధ్యే పని. వెనుక నుంచి ఎంత పిలిచినా తిరిగేవాడు కాదు. ముందుకు వెళ్లి నిలబడాలి, లేదా భుజం తట్టాలి. అప్పుడు తిరిగి, ముఖం చూసి, నవ్వేవాడు. తనకు వినపడదు కాబట్టి తను మాట్లాడితే గల్లీ అంతా వినపడేది. పొద్దున డ్యూటీకి పోయే ముందు వాళ్లమ్మ పక్కన కూర్చుని బైబిల్లో ఒక అధ్యాయం చదివేవాడు. రొట్టె తినేవాళ్లు కూడా వినాల్సి వచ్చేది. హిందువులు, ముసల్మానులు అందరూ వినేవాళ్లు. ఒక డ్రైవరన్న, అన్నా, జర మెల్లగ, దేవునికి చెవుడు లేదు అని నవ్వేవాడు. అదీ మా ఆయనకు వినపడేది కాదు.

ఒక వానాకాలం ఆయనకు కామెర్లు వచ్చాయి. దవాఖానలో చేర్చాం. తిరిగి వస్తాడనుకున్నాం. పెట్టెలో వచ్చాడు.

ఇక్కడ మా చర్చి సంగతి కొంచెం చెప్పాలి. మా పాత చర్చి గుమ్మం తూర్పుకు ఉండేది. ఎవరు చనిపోయినా పెట్టెను లోపల ఉంచేటప్పుడు తల ప్రసంగ వేదిక వైపు, కాళ్లు గుమ్మం వైపు. ప్రార్థన అయ్యాక అలాగే ఎత్తి, అలాగే మోసి, ఎదురుగా ఉన్న సమాధుల జాగలో అలాగే దించేవాళ్లు. అప్పుడు కాళ్లు తూర్పుకు, ముఖం తూర్పుకు ఉంటాయి. ప్రభువు తూర్పు నుంచి వస్తాడు, ఆ రోజు బూర మోగగానే చనిపోయినవాళ్లు లేచి కూర్చుంటే ఎదురుగా ఆయనే కనపడాలి. ఇది మా పెద్దల నుంచి వచ్చిన పద్ధతి. ఎవరూ దిక్కులు చూసేవాళ్లు కాదు. వేదిక వైపు తల, గుమ్మం వైపు కాళ్లు, అంతే.

ఆ పాత చర్చి రోడ్డు వెడల్పులో పోయింది. ఆ సమాధుల జాగ కూడా నిండిపోయింది. మేం ఒక షెడ్డు కిరాయికి తీసుకుని ఆరాధన చేసుకునేవాళ్లం. దాని ఎదురుగానే సమాధులకు కొత్త జాగ దొరికింది. అందులో మొదటి సమాధి మా ఆయనది. ఆ రోజు వారం నుంచి పట్టిన ముసురు. ఆకాశమంతా ఒకటే బూడిద రంగు. మగవాళ్లు ఎప్పటిలాగే పెట్టెను వేదిక వైపు తల పెట్టి ఉంచారు, ఎప్పటిలాగే మోశారు, ఎప్పటిలాగే దించారు. మా కళ్లలో నీళ్లు, పైన వాన. ఆ షెడ్డు షట్టరు పడమరకు ఉందని ఒక్కరికి కూడా తోచలేదు.

ఆయన పోయాక ఇంట్లో బైబిలు చదివేవాళ్లు లేరు. అత్త రోజూ దాన్ని తీసి, తుడిచి, మళ్లీ పెట్టేది. అది చూడలేక నేను మా పాస్టరు అయ్యగారి భార్య దగ్గరికి వెళ్లి, నాకు అక్షరాలు చెప్పమని అడిగాను. అప్పటికే నా తల సగం నెరిసింది. ఆదివారం ఆరాధన అయ్యాక ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పలక మీద రాయించేది. చలికాలం వెళ్లేసరికి కూడబలుక్కుని చదవగలిగాను. ఒత్తులు వచ్చిన చోట ఆగిపోయేదాన్ని. అత్త పక్కన కూర్చుని పిండి కలుపుతూ అనేది:

"నువ్వు ఈ లైను ఒడగొట్టేటాల్లకు ప్రభువు వచ్చి, సూశి, పోతడు."

అప్పటికి ఆమె మళ్లీ నవ్వడం మొదలుపెట్టింది.

ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల దగ్గరికి వెళ్లి కొవ్వొత్తులు వెలిగించడం మా ఆచారం. మోకాళ్ల నొప్పులతో అత్త అన్నాళ్లూ అక్కడికి రాలేకపోయింది. నేను అప్పుడప్పుడు పని ముగించుకుని మిట్టమధ్యాహ్నం పోయి వచ్చేదాన్ని. ఆ రోజు ఆమెను ఆటోలో తీసుకెళ్లాను. చీకట్లో పూలు పెట్టాం, కొవ్వొత్తులు పెట్టాం. కాళ్ల వైపు నిలబడి, తల దగ్గరున్న సిలువను చూస్తూ పాడాం. పాట ముగుస్తుండగా తెల్లారింది. సూర్యుడు సిలువ వెనుక నుంచి లేచాడు.

అత్త కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. ఎండ మా వీపు మీద పడాలి. ముఖం మీద పడుతోంది. నాకు అర్థమయ్యేలోపే ఆమెకు అర్థమైంది. ఏడవలేదు. నా చెయ్యి పట్టుకుని, పోదాం పా అన్నది.

ఇంటికి వచ్చాక పొయ్యి దగ్గరికి పోలేదు. మంచం మీద కూర్చుంది. డ్యూటీ దిగినవాళ్లు వచ్చి, చూసి, తినకుండా వెళ్లిపోయారు. మర్నాడూ అంతే.

సమాధి తెరిచి కొడుకును తిప్పి పెట్టించాలని ఆమె పట్టు పట్టింది. అయ్యగారు వచ్చారు. ఆయన గుంటూరు వైపు మనిషి, మెల్లగా మాట్లాడతారు. దేవునికి దిక్కులతో పని లేదమ్మా, సముద్రంలో పోయినవాళ్లను కూడా ఆయన లేపుతాడు అన్నారు. అది నిజమేనని నాకు అనిపించింది. అత్త తల వంచుకుని విన్నది. తర్వాత అడిగింది:

"లేపుతడయ్యా, లేపడని నేనంటలేను. అందరు అటు మొకాన లేస్తరు, నా కొడుకు ఇటు మొకాన లేస్తడు. బూర వానికి ఇనపడదు. ఎనుకకెల్లి పిలిస్తె తిరగడు. ఆయన వీని ఈపు ఎనుకకెల్లే పోతె?"

అయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

పక్కింటామె ఓదార్చబోయి, తూర్పు తలాపున పండుకుంటె మంచిదే గదా పెద్దమ్మా, మేమందరం గట్లనే పండుకుంటం అన్నది. అత్త ఆమె వైపు చూసింది.

"పండుకునేటందుకు మంచిదే బిడ్డా. లేసేటందుకు గాదు."

ఇక మిగిలింది సమాధులు తవ్వే భాయ్. శంషాబాద్ మనిషి. వాళ్ల ఖబ్రస్తాన్‌లోనూ, మా జాగలోనూ ఆయనే తవ్వుతాడు. మా రొట్టెలకు పాత గిరాకీ. అత్త ఆయన్ను పిలిపించింది. ఆయన నవ్వలేదు, వాదించలేదు. మాలో కూడా ముఖం ఖిబ్లా వైపు, మక్కా దిక్కుకు ఉండాలమ్మా, నీ పరేషాన్ నాకు తెలుసు అన్నాడు. ఆ రోజు తను గుంత తవ్వి ఇచ్చాడే గాని తల ఎటు అని అడగలేదని కూడా చెప్పాడు. ఆ తర్వాత నేల వైపు చూస్తూ అన్నాడు:

"తవ్వుడు నా పని. తీసుడు నా పని గాదమ్మా. నువ్వు ఇప్పుడు వాన్ని సూడలేవు."

ఆ మాటతో అత్త తెరిపించాలనడం మానేసింది. రోజూ వాకిలి ఊడ్చడం కూడా మానేసింది. పడమటి గోడ వైపు ముఖం పెట్టి కూర్చునేది. కొడుకు ఏం చూస్తాడో అదే చూస్తున్నట్టు ఉండేది. నేను అన్నం కలిపి పెడితే రెండు ముద్దలు తిని చాలనేది. ఆమె కూడా వెళ్లిపోతుందని నాకు భయం పట్టుకుంది. ఆ ఇంట్లో నాకున్న మనిషి ఆమె ఒక్కతే.

ఒకరోజు, ఏ దిక్కున పెట్టాలో గ్రంథంలో ఎక్కడుందో వెతికి చెప్పు అన్నది. అయ్యగారిని అడగలేదు. నన్ను అడిగింది. అయ్యగారి భార్య రాకడ గురించిన అధ్యాయం చూపించింది, మత్తయిలో. నేను రోజూ నాలుగు లైన్లు చదివేదాన్ని. అత్త గోడ వైపే తిరిగి వినేది. మెరుపు తూర్పున పుట్టి పడమటి దాకా ఎలా కనపడుతుందో, మనుష్యకుమారుని రాకడ కూడా అలాగే ఉంటుందని వచ్చిన చోట లైను మీద నా వేలు ఆగిపోయింది. చూడు, తూర్పే అన్నది అత్త. ఆ రోజు ఆ రెండు ముద్దలు కూడా తినలేదు. ఎందుకు చదివానా అనుకున్నాను.

అయినా ఆపలేదు. ఆపితే ఆమె అక్కడే ఉండిపోతుంది. సూర్యుడు చీకటి కావడం, చంద్రుడు వెలుగు ఇవ్వకపోవడం, అంజూరపు చెట్టు చిగురు, నోవహు దినాలు. కొన్ని లైన్లకు ఒక పూట పట్టేది. సమాధి ఎలా పెట్టాలో ఎక్కడా రాలేదు. అధ్యాయం చివరికి వచ్చేసరికి ఎండలు ముదిరాయి. అక్కడ ఒక యజమాని ఊరికి పోతాడు. ఇంట్లోవాళ్లకు వేళకు అన్నం పెట్టమని ఒక దాసుడికి అప్పగించి పోతాడు. యజమాని తిరిగి వచ్చినప్పుడు ఆ పని చేస్తూ కనపడినవాడు ధన్యుడు. నేను అక్షరం అక్షరం కూడుకుంటూ అంత చదివేసరికి, అత్త గోడ నుంచి ఇటు తిరిగింది.

"మల్ల సదువు."

మళ్లీ చదివాను.

"అన్నం పెడుతుండంగ వస్తడా?"

అవునత్తా, అట్లనే ఉంది అన్నాను.

"తొవ్వ సూసుకుంట కూసున్నోళ్ల కాడికి అని లేదా?"

లేదన్నాను. సాయంత్రం ఆమె, పిండి డబ్బాలో ఎంతుందని అడిగింది. మర్నాడు పొద్దున పొయ్యి ముట్టించింది. ఊడ్చే ఆడవాళ్లలో ఒకామె ఆగి, ఏందమ్మా, ఇన్ని రోజులు మమ్ములను ఉపాసం పెట్టినవు అన్నది. అత్త రొట్టె ఆమె చేతిలో పెట్టి, ఆ ఉపాసం దేవుడు మీ లెక్కల రాసుకుంటడు తియ్, నా లెక్కల గాదు అన్నది. చిన్నగా నవ్వింది కూడా. కాని ఆ నవ్వు పాత నవ్వు కాదు. బాధ పోలేదు. దాన్ని పక్కన పెట్టుకుని పని చేసింది, అంతే.

మరుసటి చలికాలం ఆమెకు ఆయాసం మొదలైంది. కూర్చునే రొట్టెలు చేసేది. చేతులు వణికి రొట్టె అంచులు చీలేవి. ఒక మధ్యాహ్నం పొయ్యి చల్లారాక నన్ను పిలిచి, తన సమాధి గురించి చెప్పింది. కొడుకు పక్కన పెట్టమంది. అంతవరకు నేను అనుకున్నదే. తర్వాత అన్నది:

"వానికి తల ఎటుందో నాకు గూడ అటే పెట్టుండ్రి."

నేను వద్దన్నాను. నీకైనా సరిగా పెడతామత్తా, అందరూ ఏమంటారు అన్నాను.

"అందరి సంగతి నాకెందుకు బిడ్డా. నేను పక్కన ఉంటె వాని భుజం తడ్త. ఇద్దరం కలిసి ఆయన దిక్కు తిరుగుతం."

క్రిస్మస్ ముందు ఆమె కన్ను మూసింది. షెడ్డులో మగవాళ్లు ఈసారి దిక్కులు బాగా చూసుకుని పెట్టెను ఉంచారు. నేను లేచి నిలబడి, తిప్పమన్నాను. సంఘంలో అలా లేచి మాట్లాడటం నాకు అదే మొదలు. ఒక పెద్దాయన, తప్పని తెలిసి మల్ల తప్పు చేస్తమా అన్నాడు. ఆమె చెప్పిన మాట చెప్పాను, ఏడుపు లేకుండా చెప్పగలిగాను. అయ్యగారే ముందుకు వచ్చి పెట్టెకు ఒక చెయ్యి వేశారు. తర్వాత మిగతావాళ్లు వచ్చారు.

అందరూ వెళ్లిపోయాక భాయ్ మట్టి సర్దుతున్నాడు. విమానం ఒకటి కిందికి దిగుతుంటే మోత తగ్గేదాకా ఆగి, అడిగాడు:

"చెల్లె, ఈ పక్కన నీకు గూడ జర జాగ ఇడువమంటవా?"

ఇడువు అన్నాను. ఆయన పారతో ఒక గీత గీశాడు. తల ఎటు అని ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు.